మేనమామ చూడని పన్ను

తెల్లారింది. పాలవాడు వచ్చిపోయాడు, వాకిట్లో ముగ్గు పడింది, పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. బీదర్ గంజ్‌లో బెల్లం దుకాణం నడిపే నాగనాథ్ మాత్రం ఇంట్లో లేడు. పురిటికొచ్చిన చెల్లెలు సుమిత్రకు కొడుకు పుట్టిన నాటి నుంచి అతని పడక దుకాణంలోనే. ఎందుకంటారా? పిల్లాడు కింది చిగుళ్లలో ఒక పన్నుతో పుట్టాడు. పన్నుతో పుట్టినవాడు మేనమామను మింగుతాడని, ఆ పన్ను మేనమామ కంట పడకూడదని ఊళ్లో మాట. ఔరా, గుప్పెడంత లేని పసివాడు ఆరడుగుల మనిషిని మింగుతాడట!

పిల్లాడికి నీళ్లు పోయడానికి మంత్రసాని అంబమ్మ వచ్చింది. రోజూ నలుగుపిండి పట్టుకొచ్చే మనిషి చేతిలో ఈ పూట నల్లదారం ఉంది. సుమిత్ర బిడ్డను రొమ్ముకు హత్తుకుంది.

"అమ్మా, ఆ దారం ఎందుకు?"

"పన్ను పీకనీకి," అంది తల్లి రాధాబాయి, కూతురి మొహం చూడకుండా.

"దవాఖానల డాక్టర్ ఏం చెప్పిండో మర్చిపోయినవా? పన్ను గట్టిగున్నది, పీకొద్దన్నడు. ఇంత పసిగుడ్డుకు నెత్తురు ఒక పట్టాన ఆగదన్నడు. ఊగితే గొంతుల పడ్తది, అప్పుడు తీస్కరమ్మన్నడు. పాలిస్తుంటె గీస్కపోతున్నదంటే అంచు నున్నగ చేసి పంపిండు గద!"

"డాక్టరుకేం, ఆయనేమన్న వీనికి మేనమామనా?" రాధాబాయి గొంతు పెంచింది. "పోలీస్ యాక్షన్ల మీ నాయన పోయిండు. ఇప్పుడు కొడుకును గూడ పోగొట్టుకోవాల్నా? నీకింకో పిల్లగాడు పుడ్తడు. నాకున్నది ఒక్కడే!"

ఆ మాటకు అంబమ్మ కూడా తల దించుకుంది. సుమిత్రకు ఏడుపు రాలేదు. నోరంతా చేదైపోయింది.

"ఒక్కడేనా? మరి నేనెవరినే అమ్మా?"

రాధాబాయి అంబమ్మ చేతిలో దారం లాక్కుని తనే మంచం దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఆగు!"

గుమ్మంలో నాగనాథ్. బట్టలు మార్చుకోవడానికి రోజూ దొడ్డిదారిన వచ్చిపోయేవాడు, ఇవాళ అరుపులు విని లోపలికి వచ్చాడు.

"చూడకురా! మొహం తిప్పుకో!" తల్లి అడ్డం పడింది.

అతను ఆమెను తప్పించుకుని వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. మేనల్లుడి నోట్లో వేలు పెట్టాడు. వాడు గట్టిగా అదిమి పట్టాడు.

"అబ్బా! కొరికిండు గని మింగలే," అని నవ్వబోయి ఏడ్చేశాడు. "భయపడ్డ చెల్లె. సొంతింట్ల దొంగోని లెక్క తిరిగిన."

రాధాబాయి కొడుకు పక్కనే కూర్చుంది. బిడ్డ వైపు చేతులు చాచింది.

"నన్నొకసారి ఎత్తుకోనియ్యవే."

"ముందు ఆ దారం పొయ్యిల వెయ్యి. అప్పుడిస్త."

దారం కాలిపోయింది. సుమిత్ర బిడ్డను తల్లి ఒళ్లో పెట్టింది గాని, వాడి బుగ్గకు కాపుగా వేసిన చెయ్యి మాత్రం తీయలేదు. రాధాబాయి ఆ చేతిని చూసింది. కన్నకూతురు తనను నమ్మడం లేదని అప్పుడు తెలిసొచ్చింది. ఆ చేతినే కళ్లకద్దుకుని వలవలా ఏడ్చింది.