తోలు తీస్తానన్న మాట

పొద్దున ఏడున్నర అయింది. ముందు గదిలో తండ్రి తెగిన సంచి పట్టీకి మైనం దారంతో కుట్టు వేస్తున్నాడు. ఆయన తోలు సంచులు, బెల్టులు బాగుచేస్తాడు. ఈ దేశం వచ్చి ఆరేళ్లయింది. ఇల్లే కొట్టు. భార్య ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనికి వెళుతుంది. వాళ్లకు ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్లది. ఇంట్లో పిట్ట అంటారు.

పిట్ట లోపలి గదిలో ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని గోడవైపు చూస్తూ కూచుంది.

"బస్సు పోతుందే. ఇంకా అక్కడే ఉన్నావా? లేచి వచ్చానంటే తోలు తీస్తాను."

పిట్ట గబగబా రెండోది తొడుక్కుని, గోడ వారగా నడిచి బయటికి వెళ్లిపోయింది. తండ్రి మళ్లీ సూది అందుకున్నాడు. ఆ మాట ఆయన రోజూ అనేదే. పిల్లమీద ఒక్కనాడూ చెయ్యెత్తలేదు.

మధ్యాహ్నం బడి నుంచి ఫోను వచ్చింది. ఇద్దరూ రావాలట. వెళ్లారు.

టీచరు ఒక కాగితం ముందు పెట్టింది. నాన్న చేసే పని గురించి పిల్లల్ని రాయమన్నారట. ఇక్కడి భాష భార్యకే బాగా వచ్చు. ఆమె చదివి, గొంతు తగ్గించి భర్తకు చెప్పింది.

"మా నాన్న తోలు పని చేస్తాడు. ఆయన దగ్గర అయిదు కత్తులున్నాయి. నేను ఆలస్యం చేస్తే నా తోలు తీస్తానంటాడు. ఇలా రాసిందండీ."

తండ్రికి చెవులు వేడెక్కాయి. అది మావైపు ఊరికే అనే మాట అని భార్య నచ్చజెప్పింది. టీచరు నమ్మింది. నమ్మి ఒక్కటే అడిగింది. ఊరికే అని పాపకు తెలుసా అని. రేపు చెబుతామని భార్య లేచింది.

పిల్లను తీసుకుని ఇంటికొచ్చారు. తలుపు వేయగానే తండ్రి అన్నాడు.

"పరాయివాళ్ల ముందు నన్ను కసాయివాణ్ణి చేసింది."

"అది చేసిందా, మీ నోరు చేసిందా?"

"నువ్వనవా? మొన్న వీపు చీరేస్తానన్నావు."

"నా దగ్గర కత్తుల్లేవుగా."

తండ్రి కూతురివైపు తిరిగాడు. "నిజంగా తీస్తాననుకున్నావటే?"

"ఇప్పుడు అనుకోను."

"మరి ఎప్పుడు?"

"చిన్నప్పుడు. ఆ సంచులన్నీ ఆలస్యం చేసిన పిల్లల తోలుతో కుట్టినవి అనుకున్నాను." పిట్ట నేల చూస్తూ చెప్పింది. "కాదని ఇప్పుడు తెలుసు నాన్నా. అయినా నువ్వు కత్తి నూరుతుంటే ఆ గదిలోకి రాబుద్ధి కాదు."

తోలు వాసన పడక పిల్ల రావడం లేదని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు. వాసన పోవాలని చలిలో కూడా కిటికీ తెరిచి పెట్టుకుని పని చేశాడు.

బల్ల మీద కూచున్నాడు.

"మా నాన్న కూడా నన్ను ఇదే మాట అనేవాడు," అన్నాడు.

"నీకు భయం వేసేది కాదా?"

కాదనబోయాడు. నోటిదాకా వచ్చి ఆగింది.

"వేసేది."

"తాతకి చెప్పావా?"

"లేదు. ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నా."

మంచినీళ్లు తెచ్చిన భార్య గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. పదేళ్ల కాపురంలో ఆ సంగతి ఆమె వినలేదు. ఆయన కళ్లు తడిశాయి. తుడుచుకోలేదు, తెలియలేదేమో.

"రేపు టీచరుకు నేనే జవాబు చెబుతాను."

"నీకు ఆ భాష రాదుగా."

"నువ్వు నేర్పు. మా అమ్మాయికి భయమేసింది, నాకు తెలియలేదు. ఇంతే. ఎలా అనాలి?"

పిట్ట వచ్చి ఆయన పక్కన కూచుంది. నిదానంగా చెప్పింది. ఆయన అన్నాడు.

"తప్పు. మళ్లీ అను," అంది పిట్ట.

ఆయన మళ్లీ అన్నాడు.