తగ్గిన జ్వరం

"అవ్వకు జ్వరం తగ్గింది! ఇగ ఇంటికి తీస్కపోదాం!" అంటూ సంగన్న సంబరంగా నాందేడ్ ఆసుపత్రిలో తల్లి ఉన్న వార్డులోకి వచ్చాడు. అతని భార్య సుందరాబాయి మాత్రం అత్తగారి చేతిని వదల్లేకపోయింది. ఆ చెయ్యి చల్లగా ఉంది... వానలో తడిసిన రాయిలా చల్లగా! మూడు రోజులుగా న్యుమోనియాతో కాలిపోయిన అత్త పార్వతీబాయి ఆ మధ్యాహ్నం దిండుకు ఆనుకుని కూర్చుని నెమ్మదిగా నవ్వుతోంది. ఆ నవ్వు కొడుకు వైపు కాదు, కోడలి వైపు కాదు... కాళ్ల దగ్గరి ఖాళీ స్టూలు వైపు!

"ఉమ అచ్చింది గదరా! పోదాం పా అవ్వా అంటున్నది..."

సుందరాబాయి గభాలున ఆ స్టూలు వైపు చూసింది. ఆడబిడ్డ ఉమాబాయి పోయి పన్నెండేళ్లయింది! తాను భోకర్ దగ్గరి పల్లెలో అత్తింట్లో కొత్త కోడలిగా అడుగుపెట్టిన తొమ్మిదో రోజున, ఇదే రోగంతో, ఇట్లాగే చల్లబడి, ఇట్లాగే నవ్వుతూ పోయింది. "నీ పాదం మంచిది కాదు, నా బిడ్డను మింగినవ్!" అన్న అత్త మాటను ఆనాటి నుంచి అన్నం ముద్దతో పాటు మింగుతూనే ఉంది సుందరాబాయి.

అంతలో డాక్టర్ రాధాకిషన్ రక్తపరీక్ష కాగితంతో వచ్చాడు. "ఇంటికా? అస్సల్ వద్దు! మొన్న రక్తంల తెల్లకణాలు పదహారు వేలుండె. రోగంతోని కొట్లాడేటియి అవే. ఇయ్యాల పద్దెనిమిది వందలే! రక్తంల యూరియా రెండింతలైంది, కిడ్నీలు గూడ దెబ్బతింటున్నయ్. తగ్గింది రోగం కాదు బాయీ... కొట్లాడే తాకత్, ఒంట్ల బలం!"

"మనిషి కూసోని మాట్లాడుతుంటే కాగితం సూసి భయపెడ్తరా?" సంగన్న తల్లి భుజాల కింద చెయ్యి వేశాడు. పెళ్లయ్యాక మొదటిసారి సుందరాబాయి అతనికి అడ్డం నిలిచింది.

"లేపకుండ్రి! ఉమ గిట్లనే సల్లబడి పోలేదా? నన్ను తిట్టుండ్రి, కొట్టుండ్రి... అత్తను మంచం దిగనియ్య!"

పార్వతీబాయి నవ్వు ఆగిపోయింది. "పద్దెనిమిది వందలా..." అని గొణిగి, గోడవైపు తిరిగింది.

సంగన్న చెయ్యి వెనక్కి తీశాడు. మందు మార్చారు, ఆక్సిజన్ పెట్టారు. రెండు రోజులు సుందరాబాయి మంచం పక్కనే ఉంది. ఆ స్టూలు మీద కూర్చునే ధైర్యం చాలక నేల మీదే కూర్చుంది. మూడో పొద్దున అత్త నుదురు తాకితే నిప్పు! "జ్వరమొచ్చింది! అత్తకు జ్వరమొచ్చింది!" అని ఏడుస్తూ నవ్వింది. రోగంతో కొట్లాడే కణాలు తొమ్మిది వేలకు ఎక్కాయని డాక్టర్ చెప్పాక గాని సంగన్నకు ఆ సంతోషం అర్థం కాలేదు.

మాట్లాడే ఓపిక వచ్చిన రోజున పార్వతీబాయి ఇద్దరినీ దగ్గరికి పిలిచింది.

"ఆనాడు గూడ డాక్టర్ గిట్లనే కాగితం సూపెట్టిండురా... రక్తంల కణాలు పడిపోయినయ్, తీస్కపోకు అన్నడు. ఉమ నవ్వుతున్నదని నేనే బండ్ల ఏసుకోని తీస్కపోయిన! తొవ్వల పానం పోయింది... ఆ తప్పు మొయ్యలేక ఈ పిల్ల నెత్తిన పెట్టిన!"

సంగన్న తల వంచుకున్నాడు. సుందరాబాయికి గొంతు చించుకుని అరవాలనిపించింది. పన్నెండేళ్లు! ఏ శుభకార్యంలోనూ తనను ముందుకు రానివ్వని పన్నెండేళ్లు! కానీ ముసలామెకు దగ్గు తెర కమ్ముకొచ్చింది. సుందరాబాయి ఆమె వీపు నిమిరి, తన భుజానికి ఆనించుకుంది.

"ఊరికి పోయి... అందరి ముంగట చెప్తనే బిడ్డా..."

"చెప్పాలె అత్తా, తప్పకుండ చెప్పాలె!" కన్నీళ్లు తుడుచుకోకుండానే అంది సుందరాబాయి. "అందుకోసమన్న నువ్వు బత్కాలె!"