వినకూడని క్యాసెట్

కరీంనగర్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ నర్మద ఆఫీసుకొచ్చిన ముసలాయన బల్లమీద ఒక క్యాసెట్ పెట్టాడు. ఆమె దాన్ని టేప్‌రికార్డర్‌లో వేయబోతే చప్పున చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు బాయీ. గిది మా దేవుళ్ల ముంగట పాడే పాట. మీరు వినద్దు."

"వినకుంట దొంగను ఎట్ల పట్టాలె?" నర్మదకు ఒళ్లు మండింది. అసిస్టెంట్ అంబదాస్‌కు మాత్రం ఆ పాట వినాలని ప్రాణం కొట్టుకుంటోంది.

ముసలాయన పేరు సోనేరావు. ఉట్నూరు దగ్గరి గూడెంలో గోండులకు తరతరాలుగా పాడే ప్రధాన్ ఇంటివాడు. పిల్లలకు గోండి నేర్పే కేంద్రం వాళ్లు, టేపు గది దాటదని మాటిచ్చి పాడించుకున్నారు. ఇప్పుడది బజారులో అమ్ముడవుతోంది; ఆయన తెచ్చింది అక్కడ కొన్నదే. ఠాణాలో చెబితే, పాట పోతే కేసేందని నవ్వారట.

"నేనే అమ్ముకున్న అని గూడెపోళ్లు అంటున్రు. పుష్యంల దేవుని పూజకు పిలువనని మా గూడెం పటేల్ చెప్పిండు. పిలువకుంటే నేను సచ్చినట్టే బాయీ."

నర్మద నిట్టూర్చింది. "సరే, మేం బయట నిలబడ్తం. నువ్వే విను. పాట గాక ఇంకేం వినవడ్డా చెప్పు."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "నడుమల ఒక కూత ఉన్నది. రైలు గాదు. ఆగకుంట మొత్తుకున్నది. నేను పాడిన్నాడు గా కూత లేదు."

మర్నాడు ఉట్నూరు వెళ్లారు. కేంద్రం కాపలాదారు కొండల్ బెంబేలెత్తిపోయాడు. "తాళంచెవులు నా దగ్గరొకటి, దయాకర్‌రావు సారు దగ్గరొకటి. నేను రాత్రి ఈడనే పండుకుంట. ఉన్నదొక్కటే మిషన్, కాపీ ఎట్ల చేస్త?"

కేంద్రానికి వాచకం రాసే దయాకర్‌రావు ఇల్లు నస్పూర్‌లో. బీరువా మీద రెండు టేప్‌రికార్డర్లు పక్కపక్కనే ఉన్నాయి.

"టేపు కేంద్రం దాటలే," అంటూనే ఆయన ఆగిపోయాడు. బొగ్గుగని సైరన్ మోగుతోంది. అది ఆగాక, "కొండల్‌నే గట్టిగ అడుగుండ్రి," అన్నాడు. నర్మద చాయ్ తాగుతూ బీరువా మీదికి చూసింది.

రెండ్రోజులకు ఆమె అందర్నీ కేంద్రంలో కూర్చోబెట్టింది. గూడెం పటేల్ భీంరావు ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగ పెట్టి కాపీ చేసిండ్రు. ఇంటి చుట్టు ఉన్న చప్పుడు గూడ ఎక్కింది. నిన్న సోనేరావును నస్పూర్ గని కాడికి తీస్కపోయిన. గదే కూత అన్నడు. ఉట్నూరు అడవిల గని సైరన్ యాడిది దయాకర్‌రావు సారూ? పటేల్ గారు, మీరు వినొచ్చు గద, విని చూడుండ్రి."

దయాకర్‌రావు లేచాడు. "అయితే ఏంది? సచ్చే భాషను నలుగురికి వినిపించిన!"

"అడిగిండ్రా?"

"అడిగితే ఒప్పుకోరు గద!"

నర్మద నెత్తి కొట్టుకుంది. "దాన్నే దొంగతనమంటరు సారూ! మరి క్యాసెట్ అట్ట మీద సర్వహక్కులు మీయేనని ఎందుకేసుకున్నరు?"

పటేల్ క్యాసెట్ పట్టుకుని పక్కగదిలోకి వెళ్లి, విని వచ్చాడు. సోనేరావు ముందు నిలబడ్డాడు.

"తప్పయింది దాదా. పూజకు రా."

సోనేరావు కళ్లు తుడుచుకుని, మూడు తీగల కిక్రీని ఒళ్లోకి తీసుకున్నాడు. తీగ సవరిస్తూ నర్మద వైపు చూశాడు. ఆమె లేచింది.

"ఒక్క చరణం, మేడం," అంబదాస్ బతిమాలాడు.

"నడువ్."

తిరుగుదారిలో లక్షెట్టిపేట బస్టాండు హోటల్లో చాయ్ చెప్పారు. గల్లాపెట్టె పక్కన పెద్ద టేప్‌రికార్డర్ గరగరమంది. కిక్రీ అందుకుంది, వెనకే సోనేరావు గొంతు. అంబదాస్ ముఖం వెలిగి, అంతలోనే వాడిపోయింది. చాయ్ కింద పెట్టి గల్లా దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, జర గది బంద్ చెయ్యి."