లీటరుకి తొమ్మిది

గురువారం ఉదయం 6.50.

ఏలూరు బైపాస్ పక్కన, మూతపడిన టైర్ల షాపు వెనక, తెల్లరంగు పాత పికప్ ట్రక్కు కనిపించింది.

డ్రైవరు లేడు. తాళం చెవి లేదు. సీటు కింద చిన్న గుడ్డసంచి. అందులో కళ్ళజోడు, బీపీ మాత్రల అట్ట, ఆధార్ కార్డు.

కార్డు మీద పేరు దుర్గాదేవి. వయసు యాభై రెండు.

ఎస్సై లక్ష్మీప్రసన్న ఆ పేరు రెండుసార్లు చదివింది. ఆ పేరు ఆమెకి బాగా తెలుసు.

దుర్గాదేవిది కొల్లేటి లంక. చేపల చెరువుల మీద కూలిపని. రెండేళ్ళ క్రితం సరస్సు హద్దురాళ్ళని కొందరు పీకి లోపలికి జరుపుతుంటే కళ్ళారా చూసింది. జరిపిన మేరకల్లా చెరువులు లేచాయి. శుక్రవారం పదకొండు గంటలకి ఏలూరులో విచారణ. సాక్షి ఆమె ఒక్కతే. బెదిరింపులు వస్తున్నాయని నెలరోజులుగా తాడేపల్లిగూడెంలో అక్క ఇంట్లో ఉంటోంది.

బుధవారం ఒంటిగంటకి ఆ వీధి చివర ఈ బండే ఆగింది. దుర్గాదేవి ఎక్కింది. ఎదురింటావిడ చూసింది. నడిపేవాణ్ణి మాత్రం చూడలేదు.

ఆ తర్వాత ఆమె ఎవరికీ కనిపించలేదు.

తొమ్మిది గంటలకి బండి ఓనరు వచ్చాడు. నాగదుర్గారావు, ముప్ఫై ఎనిమిదేళ్ళు. దుర్గాదేవికి స్వయానా మరిది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బండి ఎక్కడ పోయింది?" అంది లక్ష్మీప్రసన్న.

"గూడెం ఉల్లిపాయల మార్కెట్ దగ్గరండి. పన్నెండున్నరకి డీజిల్ ఫుల్ ట్యాంకు కొట్టించి అక్కడ పెట్టానండి. అన్నం తిని షెడ్డులో నడుం వాల్చాను. మూడింటికి లేచి చూస్తే లేదండి."

"కంప్లయింట్ ఇచ్చింది సాయంత్రం ఆరున్నరకి."

"ఊరంతా వెతుక్కున్నానండి, మేడంగారూ. మా వదిన దాంట్లో ఎక్కిందని తెలిస్తే ఆగేవాణ్ణా?"

"రెండో తాళం చెవి?"

"ఫణీంద్ర దగ్గర ఉండిపోయిందండి. నా దగ్గర డ్రైవరుగా చేసేవాడు. నెల క్రితం మానిపించేశాను."

డీజిల్ బిల్లు చూపించాడు. టైము 12.32. కానిస్టేబుల్ సత్తిరాజు ఓనరు తాళంతో బండి తీసి దగ్గర్లోని బంకుకి నడిపాడు. లక్ష్మీప్రసన్న బైక్ మీద వెనకే వెళ్ళింది. ట్యాంకు మూతిదాకా నింపించింది.

ఎనిమిదిన్నర లీటర్లు పట్టింది.

కిలోమీటర్ల మీటరు ఎప్పుడో పాడైంది. అందుకని నాగదుర్గారావునే అడిగింది.

"లీటరుకి ఎంత ఇస్తుంది?"

"తొమ్మిదండి. ముసలి బండి. అంతకి మించి రాదండి."

లెక్క తేలిగ్గానే తేలింది. ఎనిమిదిన్నర లీటర్లు, లీటరుకి తొమ్మిది. మొత్తం డెబ్బై ఆరు కిలోమీటర్లు. గూడెం నుంచి ఏలూరుకి యాభై. మిగిలింది ఇరవై ఆరు. అంటే బండి రోడ్డు వదిలి పదమూడు వెళ్ళింది, పదమూడు తిరిగి వచ్చింది.

లక్ష్మీప్రసన్న మ్యాప్ మీద గీత గీసింది. హైవేకి అటూ ఇటూ పదమూడు కిలోమీటర్లు. ఆ గీత లోపలే దుర్గాదేవి ఉండాలి. సీఐకి అదే చెప్పింది. నలభై మంది పోలీసులు అదే గీతలో దిగారు.

పామాయిల్ తోటలు. కోళ్ళఫారాలు. పాడుబడ్డ రైస్‌మిల్లు. నల్లజర్ల వైపు గోడౌన్లు.

ఎక్కడా లేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి వాన మొదలైంది. మామూలు వాన కాదు. నాలుగింటికల్లా తమ్మిలేరు పొంగింది. కొల్లేటి లంకల దారులు ఒక్కొక్కటే మునుగుతున్నాయని వైర్‌లెస్ మోగుతూనే ఉంది.

సాయంత్రం ఫణీంద్రని లాకప్‌లో పెట్టారు. పాతికేళ్ళవాడు. ఊచలు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"తాళం చెవి నేను మానేసిన రోజే ఇచ్చేశానండి. ఎవరూ నమ్మరేంటండీ? మా అమ్మకి ఒక్క ఫోను చేయనివ్వండి."

పెద్ద చెరువుల ఆసామి ముత్యాలరాజునీ పిలిపించింది. విచారణ జరిగితే ఎక్కువ నష్టం ఆయనకే. ఎనభై ఎకరాలు.

"ఏవండీ ఎస్సైగారూ, బుధవారం నేను ఉండిలో పెళ్ళిలో ఉన్నాను. వీడియో తీశారు, చూసుకోండి. మనిషిని మాయం చేసే రకాన్నాండీ నేను?"

వీడియో చూసింది. నిజమే. పన్నెండు నుంచి అయిదు దాకా పీటల పక్కనే ఉన్నాడు.

శుక్రవారం ఉదయం 6.10. వాన తగ్గలేదు. లక్ష్మీప్రసన్న మ్యాప్ ముందు కూర్చుంది. గీత లోపల వెతకని చోటు లేదు. అన్నీ కొట్టేసిన గుర్తులే. తానే గీసిన గీతలో తానే ఇరుక్కుపోయినట్టుంది. బయటికి దారి కనబడదు. గోడగడియారం వైపు చూడాలంటే భయమేసింది.

లేచి లాకప్ దగ్గరికి నడిచింది.

"ఫణీంద్రా, ఆ బండి గురించి చెప్పు."

"ఏం చెప్పమంటారండి?"

"ఏదైనా. నడిపినవాడివి కదా."

"పరమ చెత్త బండండి. రేజ్ చేస్తే తారుడబ్బా తగలబెట్టినట్టు నల్లపొగ. వెనక బైక్ మీద వచ్చేవాళ్ళు మొహం తుడుచుకుంటూ తిట్టేవాళ్ళండి. బాగు చేయించండి, డీజిల్ తాగేస్తోందని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!"

లక్ష్మీప్రసన్న చటుక్కున తలెత్తింది.

నిన్న ఆ బండి వెనక బైక్ మీద వెళ్ళింది తనే. రెండు కిలోమీటర్లు.

మొహం తుడుచుకోలేదు.

స్టేషన్ ఆవరణలోకి పరుగెత్తింది. "సత్తిరాజుగారూ, బానెట్ తీయండి!"

సత్తిరాజు వానలో టార్చి వేసి పట్టుకున్నాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తెరిచాడు. లోపల ఫిల్టరు కొత్తగా, తెల్లగా ఉంది. అంచు మీద మార్కర్‌తో తేదీ. సరిగ్గా పదకొండు రోజుల క్రితంది. డబ్బా మీద చిన్న స్టిక్కరు. కృపావరం, డీజిల్ మెకానిక్, తాడేపల్లిగూడెం. ఫోన్ నంబరు.

6.25కి కృపావరం ఫోన్ ఎత్తాడు. పెద్దాయన గొంతు.

"ఆ బండా అండీ? మూడు రోజులు నా దగ్గరే ఉంది. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో గడ్డకట్టుకుపోయిందండి. ఊపిరాడక డీజిల్ తాగేస్తోంది. వెనక ఎడమ చక్రానికి బ్రేకు పట్టేసి ఉంది. ఎంత తొక్కినా బండి దాంతోనే పోట్లాడుతోందన్నమాట. టైర్లలో గాలి ఉండాల్సిన దాంట్లో సగం లేదు. పైన అక్కర్లేని ఇనప స్టాండొకటి మోస్తోంది. ఇంజెక్టర్లు కడిగించి, అవన్నీ సరిచేశానండి."

"ఇప్పుడు లీటరుకి ఎంత ఇస్తుంది?"

"పద్నాలుగండి."

"ఎలా చెప్పగలరు?"

"లీటరు డీజిల్ పోసిన సీసా ఇంజనుకి కట్టి హైవే మీద నడిపామండి. మీటరు లేదు కదా, కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టాం. పద్నాలుగో రాయి దాటాక ఆగింది."

"లెక్క ఎవరు పెట్టారు?"

"బండి ఓనరేనండి. ఒక్కో రాయీ వేలు పెట్టి చూపించి మరీ పైకి లెక్కపెట్టాడు. ఎంత సంబరపడ్డాడనుకున్నారు!"

ఫోన్ పెట్టేసింది. కాగితం మీద కొత్త లెక్క వేసింది. నూట పంతొమ్మిది కిలోమీటర్లు. అందులో యాభై తీసేస్తే అరవై తొమ్మిది. వెళ్ళడానికి ముప్ఫై నాలుగున్నర, రావడానికి ముప్ఫై నాలుగున్నర.

ఏలూరు నుంచి అంత దూరమంటే కొల్లేటి నడిబొడ్డు. లంకలు. నీళ్ళు.

6.50. ముగ్గుర్నీ తన గదిలోకి పిలిపించింది. ముత్యాలరాజు కుర్చీలో కూర్చున్నాడు. ఫణీంద్ర గోడకి ఆనుకున్నాడు. రాత్రంతా స్టేషన్ బెంచీ మీదే గడిపిన నాగదుర్గారావు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"దుర్గాదేవి తనంతట తను బండెక్కింది," అంది లక్ష్మీప్రసన్న. "రాజుగారి మనుషులైతే ఎక్కదు. ఎక్కిందంటే నమ్మినవాడే నడిపాడు. ఫణీంద్ర కావచ్చు. నాగదుర్గారావుగారూ, మీరూ కావచ్చు."

"నేనాండీ?"

"మీ బండి లీటరుకి ఎంత ఇస్తుంది?"

"చెప్పాను కదండీ. తొమ్మిది."

"పద్నాలుగో రాయి దగ్గర ఆగిన బండి తొమ్మిది ఎలా ఇస్తుంది?"

ఆమె కొత్త లెక్క వేసిన కాగితం అతని ముందుకి జరిపింది.

"ఫణీంద్రకి తెలిసింది పాత బండి. నల్లపొగ బండి. దాన్ని బాగుచేయించిన సంగతి మీకూ మెకానిక్‌కీ తప్ప తెలియదు. నేను అడిగినప్పుడు మీరు పాత లెక్క చెప్పారు. నా మనుషులు లంకల దాకా రాకూడదని చెప్పారు."

నాగదుర్గారావు గుమ్మం బయట వాన వైపు చూశాడు.

"నిన్నటి నుంచి లంకల్లో నీళ్ళు నాలుగడుగులు లేచాయి. నా దగ్గర ఉన్నవి రెండు పడవలు. కొల్లేరంతా నేను వెతకలేను. చోటు మీకు తెలుసు."

అతను గుమ్మంలోనే నేల మీద కూర్చున్నాడు.

"పాత మేత గదిలో ఉందండి. మా చెరువు గట్టు మీద... లాయరుగారు లంకలో రాయి చూపించమన్నారని చెప్పి తీసుకెళ్ళానండి. అన్నం పెట్టాను, నీళ్ళు పెట్టాను. ఇవాళ సాయంత్రం వదిలేద్దామనుకున్నానండి. నా రెండెకరాలూ ఆ రాయికి లోపలే ఉన్నాయి. ఆవిడ నోరు తెరిస్తే గట్టు కొట్టేస్తారండి. వాన వస్తుందని నాకేం తెలుసు?"

"నిన్న మధ్యాహ్నం వచ్చింది వాన. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామని రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చానండి. చెబితే నేనేనని తెలిసిపోద్ది. చెప్పకపోతే వదిన..." తల నేలకేసి కొట్టుకున్నాడు. "ఎటూ కదల్లేకపోయానండి."

ముత్యాలరాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు. లక్ష్మీప్రసన్న ఫణీంద్ర చేతికి తన ఫోన్ ఇచ్చింది.

"మీ అమ్మకి చెయ్యి," అంది. బయటికి నడిచింది.

8.45. నాగదుర్గారావు దారి చూపిస్తుంటే పడవ గట్టు చేరింది. గట్టు అని అనుకోవడమే, కనిపించేది కొబ్బరిచెట్లూ, కరెంటు స్తంభాలూ. వాటి మధ్య చిన్న సిమెంటు గది. ఇనప తలుపు సగానికి పైగా నీళ్ళలో ఉంది. కిటికీ లేదు. కప్పు కింద జానెడు కన్నం.

"దుర్గాదేవిగారూ!"

పడవ కన్నం కిందికి జరిగింది.

"దుర్గాదేవిగారూ! పోలీసులం!"

కన్నంలోంచి నాలుగు వేళ్ళు బయటికి వచ్చాయి. పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి.

లక్ష్మీప్రసన్న పడవని తలుపు వైపు తిప్పించింది.

తాళం నీళ్ళ కింద ఉంది. నాగదుర్గారావు తాళం చెవి పట్టుకుని ఎవరూ చెప్పకుండానే దూకాడు. మునిగాడు. తేలాడు. మళ్ళీ మునిగాడు. బురదనీళ్ళలో తాళం చెవి దూరడం లేదు. మూడోసారికి తాళం ఊడింది. సత్తిరాజు కూడా దిగి ఇద్దరూ తలుపు లాగారు.

లోపల మేత బస్తాల దొంతర మీద, కప్పుకి తల తగిలేలా ముడుచుకుని కూర్చుని ఉంది దుర్గాదేవి. నీళ్ళు ఆమె నడుం దాకా వచ్చాయి. బస్తా మీంచి జారి, మెడలోతు నీళ్ళలో తనే నడిచి గుమ్మం దాటింది.

బయట మరిదిని చూసింది. అతను తలుపు పట్టుకుని ఎగశ్వాసగా రొప్పుతున్నాడు.

లక్ష్మీప్రసన్న చెయ్యి చాచింది. "రండమ్మా."

దుర్గాదేవి ఆ చెయ్యి అందుకోలేదు.

"వాడికి ఉబ్బసం ఉందండి," అంది. గొంతు బొంగురుపోయింది. "నీళ్ళలో ఉంచకండి. ముందు వాణ్ణి ఎక్కించండి."

ఎక్కించారు. తర్వాత ఆమె ఎక్కింది. సత్తిరాజు దుప్పటి కప్పాడు. పడవ వెనక్కి తిరిగింది. నాగదుర్గారావు తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు. ఆమె దుప్పటి కొంగొకటి తీసి అతని వీపు మీద వేసింది.

తర్వాత ఎస్సై వైపు తిరిగింది.

"రాసుకోండమ్మా. బుధవారం మధ్యాహ్నం నన్ను ఆ గదిలో పెట్టి తాళం వేసింది మా మరిది. పేరు నాగదుర్గారావు. నేను కాపరానికి వచ్చేటప్పటికి వాడికి మూడేళ్ళు. నా చేత్తోనే పెంచాను."

లక్ష్మీప్రసన్న పుస్తకం తీసింది.

"ఒక్క మాట కూడా తీసెయ్యకుండా రాయండి."