ఉచిత సలహాల తొట్టి

కెన్యా కొండల్లో కప్తారిత్ ఊరి చివర, యూకలిప్టస్ చెట్లు దాటాక, పల్లంలో పాత సిమెంటు తొట్టి ఒకటుంది. ఒకప్పుడు పశువుల్ని తెచ్చి, పిడుదులు చావడానికి మందునీళ్ళలో ముంచి తీసేవారు. డిప్పు అంటారు దాన్ని. ఇప్పుడు మందూ లేదు, ముంచేవాడూ లేడు. గోడలు బీటలు వారి, చుట్టూ మనిషెత్తు గడ్డి మొలిచింది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు.

అక్కడి దెయ్యం పీక పిసుకుతుందని కాదు. నెత్తురు తాగుతుందనీ కాదు.

సలహా ఇస్తుందని.

నవ్వకండి. తాప్కిగెన్ బతికున్న రోజుల్లో ఆవిడ నోట పడ్డవాళ్ళెవరూ నవ్వలేదు. పెళ్ళికి వెళ్తే పెళ్ళికూతురికి కాపురం నేర్పేది. చావుకి వెళ్తే గొయ్యి తవ్వేవాళ్ళకి గునపం పట్టడం నేర్పేది. చర్చిలో పాస్టరుగారు వాక్యం చదువుతుంటే ముందు బెంచీ మీంచి, "అది కాదయ్యా, దాని కింది మాట చదువు" అనేది. ఆవిడని సలహా అడిగినవాళ్ళు లేరు. అడిగేదాకా ఆవిడ ఆగితే కదా!

చివరికి ఒక వానాకాలం, డిప్పులో మందు కలిపేవాడికి మందు కలపడం నేర్పుతూ, తొట్టి ఎంత లోతుండాలో చేతులు చాపి చూపిస్తూ — ఒక్క అడుగు వెనక్కి వేసింది.

తాడు వేశారు. మందునీళ్ళు మింగుతూ కూడా ఆవిడ లోపల్నుంచి, "ఆ ముడి కాదురా, జారుతుంది..." అందట.

ఆవిడ మాట వినే అలవాటు ఎవరికుంది? వినలేదు.

ముడి జారింది.

దేవుడు ఆవిడ ఆత్మకి శాంతి ఇచ్చే ఉంటాడు. ఆవిడే దేవుడికి శాంతి ఇచ్చి ఉండదని మా చర్చి ఆడవాళ్ళు మెల్లగా అనుకుంటూ ఉంటారు. ఎందుకంటే ఆ తర్వాత రాత్రివేళ అటు నడిచినవాళ్ళకి చెవి పక్కనే గుసగుస వినిపించేదట... "స్వెట్టర్ వేసుకోలేదేం?" "గొడుగు అలాగేనా పట్టుకునేది?" ఒక లారీ డ్రైవరుకైతే లారీ వెనక్కి తిప్పడం ఎలాగో చెప్పిందట. వాడు లారీ అమ్మేసి కోళ్ళు పెట్టుకున్నాడు. కోళ్ళ సంగతి కూడా చెబుతుందేమోనని ఊరే మారిపోయాడు.

ఈ కథలన్నీ జెమెలికి కొత్తకోడలిగా వచ్చినప్పుడే చెప్పారు. జెమెలి ఎల్డోరెట్ టౌనులో పుట్టి, ప్యాకెట్టు పాలు తాగి పెరిగిన పిల్ల. దెయ్యమంటే కిసుక్కున నవ్వింది. భర్త కిప్టూ పాలవ్యాను తోలుతూ సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో తనూ, అత్త కొబిలో. కొబిలో కోడల్ని తిట్టదు, కసరదు, గట్టిగా ఒక మాటనదు. ఊరికే చూస్తుంది.

దెయ్యానికి భయపడని జెమెలికి ఆ చూపంటే భయం.

ఇంతలో ఆడపడుచు చెరొనోకి సంబంధం కుదిరింది. వచ్చే శనివారం కొయితో. అబ్బాయి తరఫువాళ్ళు వచ్చి, పిల్లకి ఎన్ని ఆవులిస్తారో తేల్చి, మాట ఖాయం చేసుకునే రోజు. ఆవుల బేరం మగవాళ్ళది. అసలు బేరం అంతకు ముందే అయిపోతుంది — వచ్చినవాళ్ళ చేతికి ఇంటి ముర్సిక్ అందించినప్పుడు. సెనెత్వెత్ అని, తంగేడులా పసుపుపచ్చగా పూసే చెట్టు; దాని కొమ్మ కాల్చి ఆ నిప్పుతో సొరబుర్ర లోపలంతా రుద్ది, బొగ్గు పట్టించి, పాలు పోసి మూత బిగిస్తే కొన్నాళ్ళకి నీలిచాయ తిరిగి పులుస్తాయి. అదే ముర్సిక్. ఆ గుక్క బాగుంటే పిల్ల మంచి ఇంటిది. కిందటేడు పక్క కొండ మీద ఒకరింట్లో ఆ పాలు కంపు కొట్టాయని, పెద్దమనుషులు చాలా మర్యాదగా లేచి, చాలా మర్యాదగా టోపీలు పెట్టుకుని వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

కొబిలో తన అత్తగారి నాటి పూసల తోలుపట్టీ ఉన్న సొరబుర్రని కోడలి చేతిలో పెట్టింది.

"కడిగి ఆరబెట్టు" అంది. అంతే.

ఎలా కడగాలి? అడిగితే అర నిమిషం పని. కానీ అత్తని అడగడం కంటే లోకాన్ని అడగడం సుళువు కదా! జెమెలి ఫోను తీసింది.

ఫోనులో 'ఇంటింటి అక్కలు' అని ఒక గ్రూపు. దేశంలో సగం ఆడవాళ్ళు అందులోనే ఉన్నారు. మిగతా సగం వేరే పేర్లతో ఉన్నారు. ఏదైనా అడగాలంటే ముందు "అడ్మిన్, నా పేరు దాచండి" అని రాస్తారు. పేరు దాచుకున్నాక ఇంక దాచాల్సింది ఏమీ ఉండదు.

"అక్కలూ, పాల సొరబుర్ర ఎలా కడగాలి?"

కుండపోతగా కురిశాయి సలహాలు. బుర్ర అంటే ఏమిటని ఒకామె. షాపులో పెరుగు కొని పోసెయ్యమని ఒకామె. ఆ మొగుణ్ణి వదిలెయ్యమని ఒకామె — ఆవిడ ఏది అడిగినా అదే చెబుతుంది, పప్పు ఉడకలేదన్నా మొగుణ్ణే వదలమంటుంది. నైరోబీ అవతల ప్లాట్లున్నాయి, త్వరపడండని ఒకాయన. సముద్రం ఒడ్డున మొంబాసాలో ఉంటూ పుట్టి బుద్ధెరిగి సొరబుర్ర చూడని ఒకావిడ మాత్రం నిబ్బరంగా చెప్పింది: "నిమ్మకాయ వాసన గిన్నెల సబ్బు వేసి, బాగా నురగ వచ్చేలా తోమి, ఎండలో పెట్టు చెల్లీ."

అందరూ ఆ మాటకే చప్పట్లు కొట్టారు. జెమెలి తోమింది.

బుర్ర సబ్బుని తాగేసింది. చూద్దామని కాసిని పాలు పోస్తే — నిమ్మకాయ వాసనతో నురగలు కక్కాయి.

అత్తగారి అత్తగారి బుర్ర! చెరొనో పెళ్ళి! మళ్ళీ పేరు దాచుకుని, జరిగింది రాసి, కాపాడమని ఏడ్చింది. మొదట వచ్చిన జవాబు ఇది: "సబ్బా! ఈ పిల్లకి అత్త లేదా?" దాని కింద నవ్వే బొమ్మలు వరసగా.

కడుపు మండి, ఆ పక్కనే ఎవరో పేరు దాచుకున్న ముసలావిడ వేరే ప్రశ్న వేసి ఉంటే, దాని కింద కసి తీర్చుకుంది: "వయసొచ్చింది గాని బుద్ధి రాలేదు ఈ ముసలమ్మకి."

అప్పుడు వచ్చింది ఇంకో జవాబు. పేరు 'కోగో' — నానమ్మ అని. ఫొటో ఉండాల్సిన చోట ఒక బీటలువారిన గోడ.

"ఏడవకు. సలసల కాగే నీళ్ళు పోసి, ఊపి, పారబొయ్యి. వాసన పోయేదాకా పొయ్యి. తర్వాత సెనెత్వెత్‌తో కాల్చు. కొమ్మ డిప్పు వెనక ఉంది. చీకటి పడ్డాక వెళ్ళు. పగలు ఆ కొమ్మతో కనబడితే, బుర్ర పాడైందని ఊరికి నువ్వే చెప్పినట్టు."

నిజమే. ఊళ్ళో సెనెత్వెత్‌లన్నీ కొట్టేసి బంగాళాదుంపలు వేశారు. మిగిలింది డిప్పు వెనక చెట్టే. దాన్ని కొట్టే ధైర్యం ఎవరికుంది?

ఆ సాయంత్రం కొబిలో చర్చిలో రాత్రి ప్రార్థన ఉందని నల్లకోటు వేసుకుని బయల్దేరింది. జెమెలి తలనొప్పని ముసుగుపెట్టింది. అడుగుల చప్పుడు దూరమవగానే లేచి, ఫోను జేబులో వేసుకుని, కత్తీ టార్చీ పట్టుకుంది.

యూకలిప్టస్ చెట్లు దాటేసరికి చలి ఎముకల్లోకి దిగింది. పల్లంలోకి వెళ్ళేకొద్దీ గాలి ఆగింది... కీచురాళ్ళు కూడా ఆగాయి. టార్చి ఎర్రబడి, ఒకసారి మిణుకుమని, ఆరిపోయింది.

స్వెట్టర్ వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

గడ్డి తప్పించుకుంటూ నాలుగడుగులు వేసింది. డిప్పు అనగానే వచ్చేసింది గాని... కోగోకి తన ఊరు ఎలా తెలుసు? పోనీలే, డిప్పు లేని ఊరేది — అనుకుంటూ తలెత్తింది.

గోడ మీద ఒక ముఖం.

ముఖమే. కింద ఒళ్ళు లేదు. నీలంగా, పాలిపోయి, చీకట్లో వేలాడుతోంది. పెదవులు కదులుతున్నాయి...

"పైది కాదు... కింది... కింది కణుపు దగ్గర..."

జెమెలి నోట్లో ప్రార్థన మొదటి ముక్క దగ్గరే ఇరుక్కుపోయింది.

ముఖం మెల్లగా ఇటు తిరిగింది.

"పొయ్యి మీద పాలు దించే వచ్చావా?" అంది.

తాప్కిగెనే! అనుమానమే లేదు!

"ది... దించాను అవ్వా... నన్నొదిలెయ్ అవ్వా..."

"అవ్వేమిటే నీ మొహం! నేనే!"

చేతిలో ఫోను ఇటు తిప్పగానే నల్లకోటూ, నల్ల తలగుడ్డా కనబడ్డాయి. కొబిలో.



"ప్రార్థన ఇక్కడ పెట్టారా అత్తయ్యా?" అంది జెమెలి.

"తలనొప్పన్నావు? కత్తి పట్టుకుంటే తగ్గుతుందా?"

అప్పుడు చూసింది జెమెలి — అత్త చేతిలోనూ కత్తి ఉంది. ఇంక దాచి లాభం లేదు. కళ్ళు మూసుకుని చెప్పేసింది.

"మీ అత్తగారి బుర్రని సబ్బుతో తోమాను."

"ఏ సబ్బు?"

"నిమ్మకాయది."

కొబిలో భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని జెమెలి భయపడింది. కాదు. నవ్వుతోంది. పెళ్ళయి వచ్చాక అత్త నవ్వడం చూడటం ఇదే మొదలు.

"అది మా అత్త బుర్ర కాదే పిచ్చిదానా. సంతలో కొన్నా. పట్టీ మాత్రమే పాతది."

"మరి పాత బుర్ర?"

"పగిలింది. కిసుములో ఎవరో అమ్మాయి, పసిబిడ్డకి పాలు పడటం లేదని అడిగితే... చంకలో బుర్ర, చేతిలో ఫోను. జవాబు పూర్తయింది. బుర్ర జారింది." కొబిలో కోటు అంచు సర్దుకుంది. "కొత్తదానికి ఆ పాత రుచి ఎలా తేవాలో గ్రూపులో అడిగా. పేరు దాచుకున్నాలే. నీకెందుకు కడగమని ఇచ్చానంటే... రుచి తేడా వస్తే, పట్నం పిల్ల కడిగిందని అనొచ్చని."

జెమెలికి ఒళ్ళు మండింది. వెంటనే ఇంకోటి తట్టింది.

"'ఈ పిల్లకి అత్త లేదా' అని రాసింది మీరేనా?"

"'బుద్ధి రాలేదు ఈ ముసలమ్మకి' అన్నది నువ్వా?"

ఒకే గోడకి ఇటొకరు అటొకరు కూర్చుని, లోకమంతా చుట్టి వచ్చి తిట్టుకున్నారన్నమాట.

"పోనీలెండి" అంది జెమెలి కళ్ళు తుడుచుకుంటూ. "చివరికి కోగో పేరుతో మీరే దారి చూపించారుగా."

"కోగోనా? నేనెందుకవుతాను? నన్నూ ఇక్కడికి రమ్మన్నది ఆవిడే. ఇందాక చదువుకుంటున్నది ఆవిడ రాసిందే."

"మీరు కాదా?"

"నేనైతే నీకు సాయం చేస్తానటే?"

ఆ మాట నిజమని జెమెలికి తెలుసు.

"అత్తయ్యా... మన ఊరి పేరు మీరు రాశారా?"

"లేదు... నువ్వు?"

"లేదు."

కొబిలో ఫోనులో కోగో పేరు పక్కనున్న గోడ బొమ్మ చూసింది. తల ఎత్తి ఎదురుగా ఉన్న గోడ చూసింది. బీట పైనుంచి కిందికి, అదే వంకర... గోడని పట్టుకున్న చెయ్యి మెల్లగా తీసేసింది.

ఆ పల్లంలోకి సిగ్నల్ దిగదు. ఏ రోజూ దిగలేదు.

రెండు ఫోన్లూ ఒక్కసారే మోగాయి.

"వచ్చారుగా ఇద్దరూ. కొబిలో, కింది కణుపు దగ్గరే నరుకు, చెప్పించుకోకు. జెమెలీ — వెనక్కి అడుగు వెయ్యకు."

పారిపోదామని జెమెలి అప్పటికే ఒక కాలు ఎత్తింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది. ఇంకెవర్నైనా అడిగి చూద్దామని అనుకోకుండా ఒక సలహా విన్నది జీవితంలో అదొక్కసారే.

కొబిలో వెలుగు అటు పట్టింది. చీకట్లో తొట్టి అంచు వెంబడే వచ్చింది జెమెలి. మడమ వెనక జానెడు గడ్డి. ఆ గడ్డి వెనక... నేల లేదు.

లోపల్నుంచి, అడుగున ఎక్కడో, నీళ్ళు కదిలిన చప్పుడు.

కొమ్మ కింది కణుపు దగ్గరే నరికారు. ఇల్లు చేరేదాకా ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

శనివారం వియ్యాలవారు వచ్చారు. అందరిలోకి పెద్దాయన మొదటి గుక్క తాగి, కళ్ళు మూసుకుని, మీసం తుడుచుకుని, "ఇది పాత బుర్ర రుచి" అన్నాడు. మళ్ళీ పొయ్యమన్నాడు. ఆవుల లెక్క నవ్వుతూనే తేలింది. చెరొనో తలుపు చాటునుంచి వదిన చెయ్యి నలిపేసింది.

అందరూ వెళ్ళాక వంటింట్లో అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు. వేణ్ణీళ్ళూ, ఈతపుల్లల కుంచే పెట్టి బుర్ర కడగడం ఎలాగో కొబిలో చూపించబోతోంది. అర నిమిషం పని. రెండు ఫోన్లూ కొమ్మ తెచ్చిన రాత్రే ఆపేసి, గూట్లో బైబిలు కింద పెట్టారు.

బైబిలు కింద వెలుగు కనబడింది.

ఇద్దరూ వంగి చూశారు. రెండు ఫోన్ల మీదా ఒకటే మాట.

"పరవాలేదు. బొగ్గు పిసరంత ఎక్కువైంది."

కొబిలో బుర్ర అడుగున మిగిలిన చుక్క అరచేతిలో వంపుకుని, నాలుకకి రాసుకుంది.

"నిజమేనే" అంది, గుసగుసగా.