తిత్తిలో మిగిలిన ఊపిరి

"మా ఇంట్లో చచ్చిపోయినాయన ఇంకా ఊపిరి తీస్తున్నాడండీ," అంది ఆవిడ, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

టైపిస్టు చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. అతను ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. ఆ ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ దగ్గర సహాయకుడిగా చేరినా ఆ పేరు మాత్రం అతన్ని వదల్లేదు. ఇక డిటెక్టివ్‌ని ఊరంతా భూతద్దం అనే పిలుస్తుంది. ఎదుటిమనిషిని అంత దగ్గరగా, అంత మొహమాటం లేకుండా చూసేవాడికి అంతకంటే తగిన పేరు దొరకదు.

"తీయనివ్వమ్మా, మనదేం పోయింది? ముందు కూర్చో," అన్నాడు భూతద్దం.

ఆవిడ కూర్చుంది. కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పింది. మామగారు తిత్తి వాయించేవారు. తోలుసంచికి గొట్టాలు బిగించిన వాద్యం అది. ఒక గొట్టంలోంచి సంచిలోకి ఊది, దాన్ని చంకలో అదుముతూ ఉంటే మిగతా గొట్టాలు పలుకుతాయి. ఏడాది కిందట ఆయన పెద్దవయసులో పోయారు. అప్పటినుంచి పెళ్ళిళ్ళకీ చావులకీ దాన్ని వాయిస్తున్నది పెద్దకొడుకు, అంటే ఈవిడ భర్త.

"పట్టుకున్న నెలకే దగ్గు మొదలైందండీ. మనిషి చిక్కి సగమయ్యాడు. ఈమధ్య కళ్ళెలో నల్లటి నలకలు పడుతున్నాయి. క్షయ కాదన్నారు, ఏంటో మాత్రం చెప్పట్లేదు. సందె పడగానే అత్తయ్య గదిలోంచి మూలుగు వినిపిస్తుంది. అచ్చం మామయ్య వాయిద్యం మొదలుపెట్టే ముందు పలికినట్టే."

"నీ అనుమానం దెయ్యం మీదా, మనిషి మీదా?"

ఆవిడ తల దించుకుంది. "మా మరిది మీద. పొద్దున్నే ఈయనకి టీ పెట్టిచ్చేది అతనే. మొన్న తిత్తి పెట్టె దగ్గర కత్తి పట్టుకుని నిలబడితే కళ్ళారా చూశాను. ఈయన పోతే వాయిద్యం అతనిదే కదండీ. పోలీసులకి చెప్పి ఇంట్లోంచి పంపించేద్దామనుంది. ఈయన బతికితే చాలు నాకు."

"మధ్యలో ఎప్పుడైనా తగ్గిందా?"

"ఒక్కసారి. పై ఊళ్ళో వరస పెళ్ళిళ్ళు పడితే చాన్నాళ్ళు అక్కడే ఉన్నారు. వెళ్ళేటప్పుడు ఆసరా పట్టుకుని మెట్లు దిగారు, వచ్చేటప్పుడు సామాను మోసుకుంటూ ఎక్కారు. వచ్చిన కొద్దిరోజులకే మళ్ళీ మామూలే."

"అక్కడ ఏం వాయించాడు?"

"స్నేహితుడి దగ్గర అడిగి తీసుకెళ్ళిన వాయిద్యం. మా తిత్తిని పొరుగూరు పంపడానికి అత్తయ్య ఒప్పుకోదు."

"నీ మరిది ఇంట్లోనే ఉన్నాడా?"

"లేదు, వెంటే వెళ్ళాడు. డోలు వాయించేది అతనేగా."

భూతద్దం చిన్నగా నవ్వాడు. ఆయన ఎందుకు నవ్వాడో టైపిస్టుకి అర్థం కాలేదు. అర్థం కానప్పుడల్లా అతనికి గురువుగారి మీద భక్తి ఇంకాస్త పెరుగుతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ ఆ ఇంటికి వెళ్ళారు. ముందుగది గోడకి పెద్ద మేకు ఉంది. దాని కింద గోడ మీదా గచ్చు మీదా ఏళ్ళ తరబడి నీటిచుక్కలు కారిన మరక ఉంది కానీ, మేకుకి మాత్రం ఏమీ లేదు. పెద్దకొడుకు మంచం మీద ఆనుకుని కూర్చున్నాడు. రెండు మాటలకొకసారి దగ్గుతున్నాడు.

చిన్నకొడుకు పెరట్లో దొరికాడు.

"కత్తి ఎందుకయ్యా?"

"తోలు చెడిపోతోందండీ, వాసన మీకు తెలీట్లా? కోసేసి కొత్త సంచి కుడదామనుకున్నా. మీ నాన్నని కోస్తావట్రా అని అమ్మ గుండెలు బాదుకుంది."

"ఆ మాట మీ వదినకి చెప్పొచ్చుగా?"

"అడిగితేగా! నేను పెట్టిన టీ అన్నయ్యకివ్వకుండా పది రోజులుగా ఆ కుండీలో పోస్తోంది. అన్నయ్యకేమీ తగ్గలేదు, మొక్క మాత్రం ఏపుగా పెరిగింది, చూడండి."

టైపిస్టు మొక్కని చూశాడు. నిజంగానే నవనవలాడుతోంది.

వాళ్ళ అమ్మ, ఆ ఇంటి పెద్దావిడ, లోపలిగదిలో చెక్కపెట్టె పక్కనే కూర్చుని ఉంది. శాలువా నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు అణచుకుంది.

"ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ముసలిదాన్ని, నాకేం నాయనా. సందెవేళే కాస్త ఎక్కువ."

పెట్టె చుట్టూ చీమలు బారు కట్టాయి. పెద్దావిడ వేళ్ళు జిగురుజిగురుగా ఉన్నాయి. చాలాసేపు బతిమాలితే తాళం తీసింది. లోపల మెత్తటి గుడ్డలో, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు తిత్తి ఉంది. గొట్టాలన్నిటికీ బిరడాలు బిగించి ఉన్నాయి. సంచి సగం ఉబ్బే ఉంది. పులుపూ తీపీ కలిసిన వాసన గుప్పుమంది.

"మీ ఆయన కూడా పెట్టెలోనే దాచేవారా?"

"లేదు. వాయించడం కాగానే ముందుగది మేకుకి తలకిందులుగా వేలాడదీసేవారు. తోలు ఎండకుండా అప్పుడప్పుడూ తేనె పోసేవారు. ఆ తేనె నేనూ పోస్తున్నాను, రోజూ."

భూతద్దం ఒక బిరడా ఊడదీయబోతే ఆవిడ ఆయన చెయ్యి పట్టేసుకుంది. ఆ పట్టుకి ఆయనే ఉలిక్కిపడ్డాడు. చివరికి పెద్దకొడుకు నోరు పెట్టే గొట్టంలో మాత్రం దూది పుల్ల తిప్పనిచ్చింది. మసీ జిగురూ కలిపి పూసినట్టు, పుల్ల నల్లగా బయటికొచ్చింది.

బయల్దేరేసరికి సందె పడింది. ముందుగదిలో కోడలు దీపం వెలిగించింది. పెద్దకొడుకు మంచం మీద ఉన్నాడు, చిన్నకొడుకు డోలు తాళ్ళు బిగిస్తున్నాడు. అప్పుడు వినిపించింది మూలుగు. బరువుగా, దీర్ఘంగా, ఎవరో చెప్పాల్సిన మాట చెప్పలేక వదిలిన నిట్టూర్పులా లోపలినుంచి వచ్చింది. కోడలు గుమ్మం పట్టుకుంది. టైపిస్టు భూతద్దం వెనక్కి జరిగాడు. తనకి దెయ్యాలంటే భయం లేదని అతను చాలామందితో చెప్పుకున్నాడు, అది అబద్ధమని ఆ క్షణాన అతనికే తెలిసింది.

భూతద్దం మాత్రం గదిలో ఎవరెవరున్నారో ఒకసారి కలయజూసి చెప్పులు తొడుక్కున్నాడు. "నేను చెప్పేదాకా తిత్తి ముట్టుకోకు," అని పెద్దకొడుకుతో అన్నాడు.

దూదిపుల్ల ఆయనకి తెలిసిన ల్యాబుకి వెళ్ళింది. పుల్లకి అంటిన బూజు నిదానంగా పెరిగే రకం కాబట్టి జవాబు రావడానికి వారాలు పట్టింది. వచ్చాక ఆయన అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టాడు.

"ఈ ఇంట్లో విషం పెట్టినవాళ్ళు లేరు," అని మొదలుపెట్టాడు. "అన్న పై ఊళ్ళో కోలుకున్నాడు. అక్కడా టీ పెట్టింది తమ్ముడే. తిండి మారలేదు, తమ్ముడు మారలేదు, వాయిద్యం ఒక్కటే మారింది. అమ్మా, నువ్వే చెప్పిన మాట ఇది, కానీ నువ్వే వినలేదు."

కోడలు మరిది వైపు చూడలేకపోయింది.

"దీన్ని నల్ల ఈస్టు అంటారు. పిండిని పొంగించే ఈస్టుకి దూరపు చుట్టం, కానీ ఆ మంచితనం దీనికి లేదు. తడీ చీకటీ వెచ్చదనం ఉన్న చోట నల్లటి జిగురై పెరుగుతుంది. స్నానాల గదుల్లో ఉంటుంది, ఆవిరి పట్టే యంత్రాల్లో ఉంటుంది. చాలామందిని ఏమీ చెయ్యదు. ముల్లు గుచ్చుకున్న చోట దూరితే చర్మం కింద గడ్డ కట్టొచ్చు. ఎక్కడో ఒకరికి మెదడు దాకా వెళ్ళి ప్రాణం తీసింది కూడా. రోజూ గుండెల్నిండా పీలిస్తే ఇదిగో, ఇతనిలా లోపలంతా వాచిపోతుంది. డాక్టరుగారికి రిపోర్టు చూపించాను, ఆయనదీ అదే మాట. మందులున్నాయి. అన్నిటికంటే పెద్ద మందు దీనికి దూరంగా ఉండటం. ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు, దగ్గు సగం తగ్గింది కదూ?"

పెద్దకొడుకు తలూపాడు.

"మరి మా నాన్నకి ఎందుకు రాలేదండీ?" అన్నాడు చిన్నకొడుకు.

"ఆయన తడి కారిపోయేదాకా బిరడాలు తీసి వేలాడదీసేవాడు. ఆ మరక ఇంకా గోడ మీద ఉంది. ఆయన పోయాక ఎవరో తడి ఆరకుండా తిత్తి నోరు మూసేశారు, రోజూ తేనె పోశారు. సందెవేళ గదిలో కూర్చుని, ఒక బిరడా తీసి దాన్ని కాస్త అదిమి, ఆ శబ్దం విన్నారు. వాళ్ళకి కూడా సందెవేళే దగ్గు."

పెద్దావిడ శాలువా జారింది.

"పోయిన రోజు కూడా వాయించారు," అందావిడ నెమ్మదిగా. "సంచి సగం నిండి ఉండగానే ఒరిగిపోయారు. ఆ ఊపిరి పోతుందని బిరడాలు పెట్టేశాను. ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యొద్దు, దాని మీదే ఊదు అని పెద్దోడితో ఒట్టేయించుకున్నాను. అడుగున కొంచెమైనా ఉంటారని. రోజుకొక్కసారి వింటే చాలనిపించేది. నా కొడుకుని నేనే మింగేస్తున్నానని నాకేం తెలుసు నాయనా?"

భూతద్దం చేతిలోని రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దకొడుకు లేచి వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు.

"అమ్మా, నేను మొదటిరోజు వాయించినప్పుడే నాన్న ఊపిరి అయిపోయిందే. రోజూ ఊదేది నేను. సాయంత్రం నువ్వు విన్నది నన్ను."

పెద్దావిడ కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత పెట్టెని పక్కకి నెట్టి, వాడి చొక్కా పక్కకి లాగి, గుండె మీద చెవి పెట్టింది. లోపల ఇంకా కొంచెం గురగురమంటోంది. ఆవిడ ఊపిరి బిగబట్టి విన్నది.