ధరణి కొలతకు కట్టిన సైకిలు

“బతికున్న మనిసిని టేపెట్టి కొలుత్తావేటిరా! కొలత తీసేది పాడెకి కదరా! సావు గుమ్మం దాకా ఎల్లొచ్చిన బిడ్డడు నాకు... ఆడి ఒంటిమీద ఆ టేపు పడిందా, నాను నూతిలో దూకీసినట్టే!”

జగదాంబ కేకకు పెరట్లో జీడిగింజలు ఎండబోస్తున్న ఆడవాళ్ళంతా తలలెత్తారు. కోడలు ధరణి తమ్ముడు మహీధర్ చేతిలో టేపు అలాగే వేలాడిపోయింది. టెక్కలిలో అతనికి సైకిళ్ళ షెడ్డు ఉంది. బావ త్రినాథరావుకు దూరప్రయాణాల సైకిలు కట్టాలని, కొలతల కోసం పూండి దగ్గరున్న ఈ ఊరికి వచ్చాడు. కొట్లో దొరికే బండి కాదది. ఎక్కే మనిషి కాలి పొడవు, చేతి పొడవు, నడుము ఎత్తు చూసుకుని, ఉక్కు గొట్టాలు కోసి, అతికి, ఆ ఒక్క మనిషి కోసమే కట్టే బండి!

“కొలవకుండా ఎలాగత్తా?” అన్నాడు మహీధర్.

జగదాంబ పెరటి వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. “దాన్ని కొలుసుకో!” అంటూ ధరణి మీదికి చెయ్యి విసిరింది. “ఆసుపత్రిలో డాక్టర్లు ఏటన్నారు? ఇద్దరికీ రత్తం కలిసింది, లోపలియన్నీ కలిసినాయి అన్నారా నేదా? లోపలిది సరిపోయినప్పుడు పైది సరిపోదేటి?”

మహీధర్ ఫక్కున నవ్వాడు. అత్త ముఖం చూసి, ఆ మాట నిజంగానే అంటోందని తెలిసి, ఆ నవ్వు మింగేశాడు.

“బావా, నువ్వైనా సెప్పు! నువ్వు సూత్తే తాడిసెట్టువి. అప్ప నీ బుజం దాకా కూడా రాదు. అప్పని కొలిత్తే అది అప్పకే సరిపోయే బండవుద్ది!”

త్రినాథరావు మీసం దువ్వుకున్నాడు. టేపును చూసి అతనూ ఓ అడుగు వెనక్కే వేశాడు. “అమ్మ మాట కాదంటే అరిట్టం రా బావమరిదీ. సీటు పైకెత్తుకుంటే సరిపోద్ది లే.”

డిగ్రీ చదివిన మొగాడు! రేపో మాపో మండలానికి పెద్ద అవుదామనుకుంటున్న మొగాడు! ధరణి ముఖం పక్కకు తిప్పుకుంది.

అసలు రోత ఇది కాదు. అది ధరణి ఎడమ పక్కన, చీర మడతల కింద ఉంది. ఉద్దానంలో ఎన్ని ఇళ్ళలోనో జరిగినట్టే ఆ ఇంట్లోనూ మగవాడి కిడ్నీలు పాడయ్యాయి. పసుపు పచ్చగా, ఉబ్బిపోయి, మంచానికి అతుక్కుపోయిన మొగుణ్ణి చూసి ధరణి ఎవర్నీ అడగలేదు. తన కిడ్నీ ఇచ్చింది. అతను లేచి కూర్చున్నాడు. లేచి కూర్చోగానే ఆ ఇంటికి పరువు గుర్తొచ్చింది! “పెళ్ళాం కిడ్నీతో బతికినోడంటే రేపు ఓటెవుడేత్తాడు!” అంది జగదాంబ. విశాఖలో ఎవరో చనిపోయిన మనిషిది దొరికిందని ఊరికి చెప్పారు. మరి ధరణి కోత మాటేమిటి? గర్భసంచి తీసేశారని చెప్పారు! ఆ మాట విన్న నాటి నుంచి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆడవాళ్ళు ఆమెను చూసి “అయ్యో పాపం, ఈ వయసులోనే...” అని జాలిపడుతుంటే, తనలోంచి తీసింది ఏమిటో, అది ఎక్కడుందో చెప్పలేక ధరణి తల దించుకుని కూర్చునేది. అమ్మలారా, ఇచ్చినదాన్ని దాచమనడం ఒక ఎత్తు. ఇవ్వనిదాన్ని పోగొట్టుకున్నావని ఊరంతా చాటడం... దాన్నేమనాలి!

“కొత్త సైకిలెక్కిన రోజున నలుగురి ముందూ నానే సెప్తాను. నీ మీదొట్టు,” అన్నాడు త్రినాథరావు, ఒకసారి ఆమె ఏడుపు భరించలేక. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా కిడ్నీ రోగుల కోసం సైకిలు యాత్ర చేస్తాడట! ఆ ఒక్క మాట కోసమే ధరణి ఇప్పుడు నోరెత్తలేదు.

టెక్కలి షెడ్డులో తమ్ముడి ముందు నిలబడింది. టేపు ఎడమ పక్కకు తగలగానే ఒళ్ళు ముడుచుకుంది. మహీధర్ అది చూశాడు. గొట్టాలు కోశాడు. అతుకులకు మంట పట్టాడు. ఎర్రగా కాలిన చోట ఇత్తడి కరిగి సందుల్లోకి పాకుతుంటే ధరణి కళ్ళార్పకుండా చూసింది. ఎక్కడానికి వీలుగా నడిమి గొట్టాన్ని కిందికి దించాడు. వెనక సంచుల చట్రం, ముందు మరో చట్రం, నీళ్ళ సీసాలకు కొక్కేలు బిగించాడు.

“ఎవులికి సరిపోద్దో తెలిసే కడతన్నాను అప్పా,” అన్నాడు చివరికి.

“నాకు బండెందుకురా! మావ ఆ మాటంటే సాలు.”

“అంటాడా?”

“ఒట్టేసినాడు...”

ఆ రోజు రానే వచ్చింది. వీధి మొగలో టెంటు, కుర్చీలు, మైకు. మనిషెత్తు ఫ్లెక్సీలో త్రినాథరావు నవ్వుతున్నాడు. కింద ‘మృత్యుంజయుడు’ అని అక్షరాలు! సైకిలుకు పసుపు రాశారు, బంతిపూల దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ధరణి హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఇప్పుడంటాడు... ఇప్పుడే అంటాడు...

త్రినాథరావు మైకు అందుకున్నాడు. దేవుడికి దండం పెట్టాడు. అమ్మ మొక్కులకు దండం పెట్టాడు. కుర్చీలో కూర్చున్న పెద్దలకు పేరుపేరునా దండం పెట్టాడు. ధరణి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. “విశాఖలో పేరు తెలియని ఆ పుణ్యాత్ముడెవరో, ఆయన ఆత్మకు శాంతి కలగాలి!” అన్నాడు.

ఛీ! బతికున్న పెళ్ళానికి ఆత్మశాంతి!

మేళం మోగింది. త్రినాథరావు సైకిలెక్కాడు. సీటు ఎంత పైకెత్తినా మోకాళ్ళు హ్యాండిలుకు కొట్టుకుంటున్నాయి. నిమ్మకాయలు చితికాయి. మలుపు తిప్పబోతే బూటు కొన ముందు చక్రానికి తగిలింది. అంతే! దండతో సహా మృత్యుంజయుడు మట్టిలో పడ్డాడు. కుర్చీల్లో నవ్వు కిసుక్కుమంది.

“ఓలమ్మో, నా కొడుకో!” జగదాంబ పరుగెత్తింది. కొడుక్కి దెబ్బ తగల్లేదని చూసుకుని కోడలి మీద విరుచుకుపడింది. “ఓలే పాపిట్టిదానా! నువ్వూ నీ తమ్ముడూ కలిసి ఏటి సేసినారే! డాక్టర్లే సెప్పినారు కదే, నీ కిడ్నీ ఆడికి అచ్చంగా సరిపోయినాదని! ఆడి కడుపులో నీ కిడ్నీ సరిపోయినప్పుడు, నీ కొలత సైకిలు ఎందుకు సరిపోదే!”

మేళం ఆగిపోయింది. జగదాంబ నోటి మీద చెయ్యి వేసుకుంది గానీ, మాట అప్పటికే పక్కనే ఆపకుండా వదిలేసిన మైకులో పడి వీధి చివరి దాకా వెళ్ళిపోయింది.

జీడిపిక్కల పనికి వచ్చే బొడ్డమ్మ, నల్లబడ్డ వేళ్ళు బుగ్గన పెట్టుకుని, “అదేటమ్మా! గర్భసంచి తీసీసినారన్నారు గదా!” అంది. అక్కడున్న ప్రతి ఆడదీ ధరణి వైపు తిరిగింది.

త్రినాథరావు దుమ్ము దులుపుకుంటూ లేచాడు. ఒక్క క్షణం బిత్తరపోయి చూశాడు. అంతలోనే మైకు లాక్కున్నాడు! “అవును! నా ధరణే ఇచ్చింది! ఈ త్యాగాన్ని సరైన సమయంలో ప్రజల ముందు పెడదామనే ఇన్నాళ్ళూ నా గుండెల్లో దాచుకున్నాను!” కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోను ఎత్తి పట్టి, “అమ్మా, సార్ పక్కన నిలబడండి!” అన్నారు.

ఇన్నాళ్ళూ ఆకలిగా ఎదురుచూసిన మాట! అది చెవిన పడితే చద్దికూట్లో బొద్దింక కనబడ్డట్టుంది ధరణికి... దీని కోసమా ఇన్ని రాత్రులు తలగడ తడిపింది!

పళ్ళెం అత్త చేతిలో పెట్టింది. సైకిలు లేపింది. బంతిదండ తెంపి పారేసింది. సీటు తనకు తగ్గట్టు దించమని తమ్ముణ్ణి అడిగింది. వాడు ఒక్క తిప్పులో దించాడు. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

“ఏయ్ ధరణీ, ఎక్కడికి? ఫోటో...” అన్నాడు మొగుడు.

“నీ ఆత్మకి శాంతి కలగాల, మావా!” అని తొక్కింది.

టెక్కలి బళ్ళో చదివేటప్పుడు తొక్కిందే, మళ్ళీ ఇప్పుడు. మొదట రెండు ఊపులు ఊగింది. తర్వాత బండి ఒంటికి తెలిసింది. చేతులు సాచిన చోట హ్యాండిలుంది, కాలు దింపిన చోట పెడలుంది. పుట్టింట్లో జాకెట్టు తప్ప తన కొలతకు ఎవరు ఏం కుట్టారు గనక! జీడితోటలు దాటింది, కొబ్బరితోటలు దాటింది. అక్కుపల్లి సముద్రం ఒడ్డున దిగి, చీర కొంగులో ముఖం దాచుకుని తనివితీరా ఏడ్చింది. ముఖం కడుక్కుని, పొద్దు వాలుతుండగా ఇంటికి తిరిగింది.

అరుగు మీద మొగుడు తల దించుకుని కూర్చున్నాడు. ధరణి అతన్ని పలకరించలేదు. సైకిలును నడవలోకి తెచ్చి, చుట్టి పెట్టిన ఫ్లెక్సీని కాలితో జరిపి, అక్కడ నిలబెట్టింది.

జగదాంబ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో మంచినీళ్ళ గ్లాసు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా కోడలే అందరికీ అందించిన గ్లాసు. క్షమించమనే మాట ఆ నోటికి రాదు. సైకిలు వంక చూస్తూ నిలబడింది.

“సీటు... నీకు సరిపోయినాదేటే?”

ధరణి నీళ్ళు తాగి, ఖాళీ గ్లాసు ఆమె చేతికే ఇచ్చింది.

“సరిపోయినాది అత్తా. రేపు ఇచ్ఛాపురం ఎల్తన్నాను. యాత్ర నానే సేత్తాను. పొద్దున్నే లేచి మీ అబ్బాయికి మాత్రలు మీరియ్యండి... నా కిడ్నీ జాగర్త!”